చెప్పిన ఊరు

పొద్దున నల్లా తిప్పగానే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. వానాకాలం మొదలైతే వనపర్తిలో మా వీధికి ఇది మామూలే. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుని బకెట్లు నింపుకుంటారు. నాకు మాత్రం బస్వరాజు సార్ వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తున్నట్టు ఉంటుంది. ఆయన ప్యాంటు ఒక జేబులో ఎప్పుడూ బ్లీచింగ్ పొట్లం ఉండేది, రెండో జేబులో ఉడకబెట్టిన పల్లికాయ. సార్ జేబులోంచి తీసి ఏదైనా చేతిలో పెడితే ముందు వాసన చూసి ఆ తర్వాతే నోట్లో వేసుకోవాలని ఆఫీసులో మేమంతా నవ్వుకునేవాళ్లం. ఆయన పోయాక కూడా ఆ వాసనకు నాకు మొదట నవ్వే వచ్చేది. ఈరోజు రాలేదు.

కారణం నిన్న సాయంత్రపు ఫోను. నేను చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒక దేశంలో అంటురోగం తలెత్తితే దాన్ని మొదట్లోనే ఎలా పసిగట్టాలి, సరిహద్దు అవతలివాళ్లకు ఎంత త్వరగా చెప్పాలి అనేది చుట్టుపక్కల దేశాల ఆరోగ్యశాఖల వాళ్లకు నేర్పుతుంటాను. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ తెర మీద ముఖాలు చూస్తూ పాఠం చెప్పడమే. నిన్న పాఠం అయ్యాక ఒకాయన విడిగా ఫోను చేశారు. చిన్న దేశం, సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో ఏదో జబ్బు. పరీక్ష ఫలితం ఈరోజు సాయంత్రానికి వస్తుందట. "అనుమానం నిజమైతే వెంటనే చెప్పాలని మీరు పాఠంలో అన్నారు. పాఠం సంగతి సరే, మేడం. మీరే నా చోట ఉంటే చెబుతారా?" అని అడిగారు. ఆయన ఇంగ్లిష్‌లో అన్న మాటను తెలుగులో పెడితే ఇంతే. పుస్తకంలో జవాబు ఉంది, అది నేను వందల మందికి చెప్పాను కూడా. అయినా అది ఆయనకు చెప్పలేదు. ఫలితం రానివ్వండి, మాట్లాడదాం అన్నాను.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే బస్వరాజు సార్ తెలియాలి, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరు తెలియాలి. ఊరి పేరు మాత్రం రాయను. పేరు బయటపడి ఆ ఊరికి జరిగిన నష్టం చాలు.

గద్వాల అప్పటికి ఇంకా కొత్త జిల్లా. ఆఫీసులో కుర్చీలకు పాలిథీన్ కవర్లు కూడా పూర్తిగా తియ్యలేదు. నేను డాక్టరు చదువు ముగించి, అంటురోగాల మీద పై చదువు కూడా చదివి, తల మీద కిరీటం ఉన్నట్టే వెళ్లి చేరాను. జిల్లాలో ఆ పని చూసే పెద్ద బస్వరాజు సార్. గద్వాల మనిషే. వాళ్లమ్మది నది అవతలి కన్నడ ఊరు కాబట్టి రెండు భాషలూ ఆయన నోట్లో కలిసి తిరిగేవి. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. గొంతు మాత్రం డప్పు. నా పేరు ఆయన ఒక్కసారి అడిగారేమో, ఆ తర్వాత వాడింది లేదు. నన్ను మా ఊరి పేరుతోనే పిలిచేవారు. "ఏం వనపర్తీ, తిన్నవా?" అంటే జీపు ఎక్కమని అర్థం.

చేరిన కొత్తలో నది ఒడ్డు ఊళ్లో ఒక అనుమానపు జ్వరం కేసు వచ్చింది. నేను పరుగున హైదరాబాద్‌కు ఫోను చేసి, వివరాలన్నీ ఒప్పజెప్పి, మెచ్చుకుంటారని సార్ ముందు నిలబడ్డాను.

"ఎవరికి చెప్పినవ్?" అన్నారు.

"హైదరాబాద్‌కు చెప్పిన సార్."

"హైదరాబాదోళ్లు ఈ ఏటి నీళ్లు తాగుతరా?"

"తాగరు సార్."

"మరి తాగేటోళ్లకు చెప్పినవా?"

నేను బిత్తరపోయి చూస్తుంటే ఆయన ఫోను తీసి అవతలి ఒడ్డుకు కలిపారు. అక్కడ మహాదేవమ్మ అని, ఆ తాలూకా ఆరోగ్య అధికారి. "అక్కా, ఊట ఆయ్తా?" అని ముందు అన్నం తిన్నావా అని అడిగి, ఆ తర్వాత జ్వరం సంగతి చెప్పారు. ఇద్దరి మధ్యా ఒక నది, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు. వాళ్లకు మాత్రం అది ప్రహరీ గోడ మీదుగా కూరగిన్నె అందించుకున్నంత తేలిక. ఫోను పెట్టి నావైపు తిరిగారు. "పైకి చెప్పుడు మన నౌకరి. పక్కకు చెప్పుడు మన ధర్మం. నౌకరి జర లేటైనా నడుస్తది" అన్నారు. నాకు కోపం వచ్చింది. చదువుకుని వచ్చినదాన్ని, నాకు పద్ధతి నేర్పుతాడేమిటి ఈయన అనుకున్నాను. ఆయన జేబులోంచి పల్లికాయ తీసి ఇచ్చారు. వాసన చూసి తిన్నాను.

నేను చెప్పే ఊరికి మొదటిసారి వెళ్లింది రోగాల దేవత ఊరడమ్మను సాగనంపే రోజున. పిల్లలకు తట్టు పోసింది. ఊరివాళ్లు కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, పాత చాటలు, చీపుర్లు తట్టలో పెట్టి, డప్పులతో రోగాన్ని ఊరి పొలిమేర దాటించడానికి బయలుదేరారు. మా సిబ్బంది తల పట్టుకున్నారు. సార్ మాత్రం చెప్పులు చేత పట్టుకుని ఊరేగింపులో కలిసి నడిచారు. కుండ మోసే ఆమె పక్కన తట్ట ఎత్తుకుని ఒకామె నడుస్తోంది. ఆమె శాంతమ్మ. ఆమె భర్త హన్మంతు పుట్టి నడిపేవాడు, అంటే మనుషుల్ని, మూటల్ని ఎక్కించుకుని నది దాటించే గుండ్రటి తోలు పడవ. ఆమె ఊరి కూరగాయలన్నీ పోగుచేసి ఆ పుట్టిలోనే అవతలి ఒడ్డు అంగడికి తీసుకుపోయి అమ్మేది. ఊరికి నాలుగు రాళ్లు వచ్చే దారి ఆ రేవు ఒక్కటే.

సార్ ఆమెను అడిగారు. "ఏం శాంతమ్మా, మీరు దాటిస్తిరి సరే. అటు ఊరోళ్ల గతి ఏంది?"

"ఆళ్లకు ముందుగాలనే కబురు పెడ్తం సారూ. పిల్లల్ని లోపట ఉంచుకుంటరు. కుండ వచ్చినంక ఆళ్లూ ముందటికి సాగనంపుతరు."

"కబురు పెట్టకుంటే ఏమైతది?"

"పాపం గాదా? చెప్పకుండ పెట్టిన కుండ మన ఇంటికే మర్లొస్తదంటరు."

సార్ ఆగిపోయి నా భుజం తట్టారు. "ఇన్నవా వనపర్తీ? దేశాలకు దేశాలే ఇంత పద్ధతిగ లేవు." ఆ తర్వాత గొంతు పెంచి, "కబురు మంచిదే గని, పోరగాళ్లకు సూదులు ఏపియ్యకుంటే నేను ఈడికెల్లి కదల" అన్నారు. అన్నట్టే పొలిమేర నుంచి వెనక్కి వచ్చే దారిలోనే, వేపమండలు చేతుల్లో ఉండగానే, తల్లుల్ని ఒప్పించి పిల్లలకు టీకాలు వేయించారు. శాంతమ్మ ఒక్కొక్క ఇంటి ముందూ నిలబడి కేకేసి పిలిచింది. ఆమెకు ఆరోజు నుంచి సార్ ఫోను నంబరు నోటికి వచ్చేసింది.

ఆ నంబరే మా కథంతా నడిపింది. ఆ ఏడు కృష్ణకు పెద్ద వరద వచ్చి తగ్గింది. తగ్గిన కొద్ది రోజులకు శాంతమ్మ సార్‌కు ఫోను చేసింది. అత్తకు వాంతులు, మోషన్లు, పక్కిళ్లలో కూడా అంతే అని. మేం వెళ్లేసరికి బడి వరండాలో ఊరి పెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముఖాలు మాకంటే శాంతమ్మ మీద ఎక్కువ గుర్రుగా ఉన్నాయి. అవతలి ఒడ్డున పెద్ద అంగడి రోజు దగ్గర పడింది. సంగతి బయటికి పొక్కితే ఎవరూ రానివ్వరని వాళ్ల భయం. మందులిచ్చి పొండి, అటు ఒడ్డుకు మాత్రం చెప్పొద్దని అడిగారు.

అక్కడే సార్ ఆ మాట అన్నారు. ఎవరి కళ్లలోనైనా నీళ్లు కనిపిస్తే ఆయన నోట్లోంచి పూచీ ఊడిపడేది, అది ఆయన మంచితనమో బలహీనతో నాకు ఇప్పటికీ తేలలేదు. "నీళ్లు ఇద్దరివీ ఒక్కటే. చెప్పకుంటే ఆడ పిల్లలు పోతరు. చెప్పినందుకు మీకు నష్టం రానియ్య. నాది పూచీ" అన్నారు. ఆ మాట విని శాంతమ్మ పెద్దలవైపు తిరిగి, "సారు అన్నడు గద, ఇంకేంది పరేషాన్?" అంది. ఆమె మాట మీద వాళ్లు తగ్గారు. ఆయన పూచీని ఆమె నమ్మింది, ఆమె పూచీని ఊరు నమ్మింది.

సార్ వరండాలోనే నిలబడి మహాదేవమ్మకు ఫోను చేశారు. ఆమె ఆ పూటే తమవైపు నది నుంచి నీళ్లు తోడే మోటార్లు ఆపించి, ట్యాంకులు కడిగించింది. మావైపు వరద నీళ్లు కలిసిన బావిని మూయించాం. సెలైన్ సీసాలు బడి కిటికీ ఊచలకు వేలాడదీసి అక్కడే వైద్యం చేశాం. సార్ బావి గట్టు మీద కూర్చుని జేబులు ఖాళీ అయ్యేదాకా బ్లీచింగ్ కలిపారు. ఇటు ఒడ్డున ఎవరూ చనిపోలేదు, అటు ఒడ్డున ఎవరూ చనిపోలేదు. ఇలాంటి పనిలో గెలుపు అంటే ఏమీ జరగకపోవడమే, దాన్ని ఎవరూ ఫొటో తియ్యలేరు. జబ్బు తగ్గుముఖం పట్టిన సాయంత్రం రేవు దగ్గర హన్మంతు మాకందరికీ చేపల పులుసు పెట్టాడు. అంత రుచిగల పులుసు నేను మళ్లీ తినలేదు.

తర్వాత ఎక్కడో, ఎవరి నోటి నుంచో ఊరి పేరు టీవీకి ఎక్కింది. మర్నాడు తెల్లవారేసరికి అవతలి రేవుకు అడ్డంగా ముళ్లకంప పడింది. వాళ్లనని ఏం లాభం, మావైపు కూడా అంతే. ఊళ్లోకి వచ్చే బస్సు రోడ్డు మీద నుంచే వెనక్కి మళ్లసాగింది. పాలవాడు ఆ ఊరి పాలు వేరే క్యానులో పోయించుకుని, ఆ తర్వాత అసలు పోయించుకోవడమే మానేశాడు. కుదిరిన పెళ్లి ఒకటి తప్పిపోయింది. ఎక్కడికి పోయినా "వాంతులూరోళ్లు" అన్నారు. రోగం తగ్గిపోయింది, మా సెలైన్ సీసాలు తీసేశాం, ముళ్లకంప మాత్రం అలాగే ఉంది. సార్ ఇటు ఆఫీసులు, అటు ఆఫీసులు తిరిగారు. రోగం పోయింది కదా, దారి తెరవండి అంటే, జాగ్రత్త కోసం ఇంకొన్నాళ్లు అన్నారు. అమ్ముకునేది లేదు కదా, ఆ ఊరికి ఏమైనా సాయం చెయ్యండి అంటే, దానికి పద్దు లేదన్నారు. రోగాన్ని సకాలంలో అదుపు చేసినందుకు మాత్రం ఒక సభలో సార్‌కు శాలువా కప్పారు. ఆయన దాన్ని తెచ్చి జీపు సీటు మీద చిరుగు కనపడకుండా పరిచారు. ఆ సభలో చప్పట్లు కొట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ మంట తగ్గలేదు. చప్పట్లు కొట్టిన చేతులే అటు వెళ్లి కంప తియ్యవచ్చు కదా.

ముళ్లకంప ఎట్టకేలకు తీశారు. తీసిన తర్వాతి అంగడికి సార్ నన్ను వెంటపెట్టుకుని హన్మంతు పుట్టి ఎక్కారు. శాంతమ్మ గోకరకాయలు, దోసకాయలు బుట్టలకెత్తుకుంది. అంగట్లో ఆమె ఎప్పుడూ కూర్చునే చోట ఇంకెవరో కూర్చున్నారు. ఒక మూల గోనెపట్టా పరిచింది. సార్ ఆమె పక్కనే నేల మీద చతికిలబడి, దోసకాయ ఒకటి తీసి, చొక్కాకు తుడిచి, అందరూ చూస్తుండగా కరకర నమిలారు. నేనూ తిన్నాను. జనం మమ్మల్ని చూసుకుంటూ పక్క బుట్టల దగ్గరికి వెళ్లిపోయారు. సార్ ఒక పెద్దాయన్ని కన్నడలో పిలిచి, నేను డాక్టర్ని, చూడు నేనే తింటున్నాను అన్నారు. ఆయన చేతులు జోడించి, "బేడ సార్, బేడ" అని, వద్దని చెప్పి తప్పుకున్నారు. మొహమాటానికి కూడా ఆగలేదు. కాసేపటికి మహాదేవమ్మ వచ్చి ఒక బుట్టెడు దోసకాయలు కొని తన సిబ్బంది చేతుల్లో పెట్టింది. అంతే, ఇంకెవరూ రాలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు నది మధ్యలో శాంతమ్మ మిగిలిన బుట్టలు ఒక్కొక్కటిగా నీళ్లలో గుమ్మరించింది. ఆమె మాటలో కోపం లేదు. "మీ ఇద్దరు తింటే మా ఊరు బతుకుతదా సారూ" అంది. హన్మంతు తెడ్డు వేస్తూ, "ఊకో, సారు ఏం జేస్తడు" అన్నాడు. సార్ తల వంచుకుని పుట్టి అడుగున చేరిన నీళ్లు దోసిలితో తోడుతూ కూర్చున్నారు. ఆయన గొంతు ఆ రోజు నుంచి తగ్గింది. మళ్లీ డప్పులా మోగడం నేను వినలేదు.

మరుసటి వానాకాలంలో మహాదేవమ్మ ఫోను చేసింది. మీవైపు మనిషి ఒకడు వాంతులు, మోషన్లతో మా దవాఖానకు వచ్చాడు, పలానా ఊరట అని ఒక పేరు చెప్పింది. అది నదికి ఎగువనున్న ఇంకో ఊరు. మేం జీపు వేసుకుని అక్కడికి ఉరికాం. ఇంటింటికీ తిరిగాం, బావులన్నీ చూశాం. ఎక్కడా రోగం ఆనవాలు లేదు. నీళ్లు పరీక్ష చేస్తే శుభ్రంగా ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆ ఊరివాళ్లు ఒంటికాలి మీద లేచారు. "మాకెందుకు అంటగడ్తున్రు? మేం వాంతులూరోళ్లం గాం" అన్నారు. సార్ వాళ్లకు దణ్ణం పెట్టి, మళ్లీ మొదటి బావి దగ్గర నుంచి వెతకమన్నారు. మేం అలా తప్పు ఊళ్లో తిరుగుతుండగానే రోగం అసలు ఊళ్లో ఇంటింటికీ పాకింది. అవతలి ఒడ్డున కూడా పాకింది, ఎందుకంటే ఎగువ నీళ్లు శుభ్రమని తేలడంతో ఈసారి మోటార్లు ఎవరూ ఆపలేదు.

దవాఖానకు వెళ్లిన మనిషి హన్మంతు. చాలా ఆలస్యంగా వెళ్లాడు. శాంతమ్మే పుట్టి నడిపి తీసుకుపోయింది. వాళ్లను ఎరగని సిబ్బంది ఏ ఊరని అడిగితే ఇద్దరూ కూడబలుక్కుని ఎగువ ఊరి పేరు చెప్పారు. వాళ్ల ఊరి పేరు చెబితే లోపలికి రానివ్వరని, రానిచ్చినా మళ్లీ ముళ్లకంప పడుతుందని. రేవు మూసిన రోజుల్లో ఊరు ఊరంతా నేర్చుకున్న పద్ధతి అది. పాలమ్మినా, పెళ్లిచూపులకు పోయినా ఇంకో ఊరి పేరు చెప్పుకునేవాళ్లు. హన్మంతు రెండో రోజు చనిపోయాడు. మనిషి ఉన్నంతసేపు ఊరి పేరు దాచవచ్చు. శవాన్ని ఎక్కడికి తీసుకుపోవాలని అడిగినప్పుడు దాచడానికి లేదు. అప్పుడు చెప్పింది శాంతమ్మ. మహాదేవమ్మ ఫోనులో ఆ పేరు చెప్పగానే సార్ తప్పు ఊరి బావి గట్టు మీద అలాగే కూలబడ్డారు.

మేం రేవు చేరేసరికి పుట్టి ఇవతలి ఒడ్డుకు వచ్చింది. దాన్ని వేరేవాళ్లెవరో నడుపుతున్నారు. శాంతమ్మ ఏడవడం లేదు. సార్‌ను చూసి నేరుగా దగ్గరికి వచ్చింది.

"పోయినపాలి చెప్పినం, మా నోటికాడి బువ్వ పోయింది. ఈపాలి చెప్పలే, మా మనిషి పోయిండు. ఏం జెయ్యమంటవ్ సారూ? నువ్వే చెప్పు."

"నీ తప్పు గాదమ్మా."

"తప్పెవరిదని అడుగుతలే. ఏం జెయ్యాలెనో చెప్పుమంటున్న."

ఊరివాళ్లు చూస్తున్నారు, నేను చూస్తున్నాను. సార్ "పూచీ పడ్డది నేను. నిలబెట్టలేకపోయిన" అన్నారు. ఆమె తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నానన్నట్టు. ఆ తర్వాత పనిలో పడిపోయాం, సెలైన్ సీసాలు మళ్లీ అదే బడి కిటికీ ఊచలకు వేలాడాయి. ఆ విడత ఇంకొందరు పోయారు, ఇటూ అటూ. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. దాని గురించి నేను ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత సార్ పనిచేసే తీరు మారిపోయింది. ఎక్కడి నుంచి ఏ రోగం కబురు వచ్చినా మేం ఎంతమందికి, ఎప్పటి నుంచి అని అడుగుతాం. ఆయన ముందుగా వేసే ప్రశ్న ఇంకొకటి అయింది. "ఆ ఊరోళ్లు ఏం అమ్ముకొని బతుకుతరు?" మొదట్లో సిబ్బంది ముఖముఖాలు చూసుకున్నారు. వేరుశనగ అంటే వేరుశనగ వ్యాపారులకు, పాలు అంటే పాలకేంద్రానికి ఆయనే ముందు ఫోను చేసి మాట్లాడేవారు. ఎవరికి చెప్పాలన్నా ఆ తర్వాతే. రెండు ఒడ్డుల అంగళ్లవాళ్లను, అధికారులను ఒకచోట కూర్చోబెట్టి, రోగాన్ని ముందుగా చెప్పిన ఊరి సరుకు అవతలివాళ్లు కొనాలని, కొనలేకపోతే బియ్యమైనా పంపాలని ఒక కట్టుబాటు చేయించాలని చూశారు. మహాదేవమ్మ తనవైపు నుంచి ఎంత చెప్పాలో అంతా చెప్పింది. అందరూ మంచి మాటే అన్నారు, టీ తాగారు, వెళ్లారు. పదవీ విరమణ రోజున కూడా ఆయన ఆ సంగతే మాట్లాడితే, పూలదండ వేయడానికి నిలబడ్డవాళ్లు కాళ్లు మార్చుకుంటూ విన్నారు.

కరోనా వచ్చేనాటికి ఆయన ఇంట్లోనే ఉన్నారు. రాష్ట్రాల మధ్య దారులు మూసుకున్నాయి, దేశాల మధ్య విమానాలు ఆగాయి. కొత్త రకం వైరస్ మా దగ్గర కనిపించిందని నిజాయితీగా చెప్పిన దూరదేశం మీద మిగతావాళ్లంతా తలుపులు మూశారు. టీకాలు డబ్బున్న దేశాల గోదాముల్లో కూర్చున్నాయి. ఆ దేశం వార్త వచ్చిన రోజు సార్ ఫోను చేశారు. "సూసినవా వనపర్తీ, మన వాంతులూరే. కాకుంటే జర పెద్దగున్నది" అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. "శాంతమ్మోళ్లన్న నయం. కుండ పెట్టేముందు కబురు పెడ్తరు. కబురు పెట్టినోళ్ల ఇంటిమీద రాయి ఎయ్యరు."

ఆయన్ని చివరిసారి గద్వాలలో వాళ్లింట్లో చూశాను. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది. నేను ఉడకబెట్టిన పల్లికాయ తీసుకువెళ్లి ఒలిచి పెట్టాను. ఒకటి రెండు తిని, "శాంతమ్మ అంగడికి పోతుందా?" అని అడిగారు. పోతుందని చెప్పాను. అది నిజమే, పుట్టి అమ్మేసి, ఆమె ఇప్పుడు కొత్తగా కట్టిన వంతెన మీదుగా ఆటోలో పోతోంది. "ఆడ ఆ ఊరి పేరే చెప్తుందా?" అన్నారు. అది నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అబద్ధమాడి అవునంటే పోయేదేమో అని ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ ఆయన ముందు ఆ ఊరి గురించి ఇంకో ఉత్తమాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఆయన పోయిన తర్వాత నేను ఆ ఊరికి వెళ్లాను. శాంతమ్మకు కబురు అందలేదట, చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చుంది. "మంచోడు. మాట తొందర" అంది. ఆయన గురించి అంతకంటే సరైన మాట ఎవరూ అనలేరు. నేను ధైర్యం చేసి అడిగాను, మళ్లీ ఎప్పుడైనా రోగం వస్తే చెబుతావా అని. ఆమె బుట్ట సర్దుకుంటూ, "నువ్వు కొంటవా?" అంది. ఆ రోజు బుట్ట మొత్తం కొని జీపులో వేసుకున్నాను. అది జవాబు కాదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం తింటే ఊరు బతకదని ఆమె నది మధ్యలోనే చెప్పింది కదా.

సాయంత్రమైంది. ఆ దేశం నుంచి ఫోను వచ్చింది. ఫలితం వచ్చింది మేడం, మనం భయపడ్డదే అన్నారాయన. చెప్పాలని ఆయనకూ తెలుసు. చెప్పకపోతే పక్క దేశాల్లో పిల్లలు పోతారు, అదీ తెలుసు. ఆయన నా నోటినుంచి వినాలనుకుంటున్నది ఒక్కటే, చెప్పినందుకు మీకు నష్టం రాదు అన్న మాట. నా ముందు తరంలో నాకంటే మంచి మనిషి ఆ మాట అని, దాని కింద నలిగి పోయాడు. నేను ఆ మాట అనలేదు.

"చెప్పండి. ఈ రాత్రే చెప్పండి. దానికి ముందు నాకు ఒక సంగతి కావాలి. ఆ ఊరివాళ్లు ఏం అమ్ముకుని బతుకుతారు?" అని అడిగాను.

ఇలాంటి ప్రశ్న ఆయన ఊహించలేదు. "చేపలు, మేడం" అన్నారు.

"ఎవరు కొంటారు?"

ఆయన పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. నేను ఒక్కొక్కరికీ ఫోను కలపడం మొదలుపెట్టాను. వాళ్లలో ఎందరు బేడ అంటారో నాకు తెలియదు.